కుండ కింది ఇసుకలో మాత్రలు

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు, తాను పనిచేసే మందుల కంపెనీ మాత్రనొకదానిని గాజుగ్లాసులోని నీటిలో జారవిడిచి, నీటితో పొసగని మందును సైతం మెత్తగా నూరి, నీటిని లాగే పదార్థాలతో కలిపి ఎంత త్వరగా కరిగిస్తున్నారో చూడమన్నది. అది తెల్లని మబ్బై విడిపోతూంటే, నాకు మాత్రం బెళుగుప్ప ఊరి దాపున మా పాత బావి కళ్లకు కట్టింది.

మా అన్నకు చిన్ననాటి నుండి మూర్ఛవ్యాధి. కళ్యాణదుర్గం డాక్టరుగారి మాత్రలతో అది అణగి, ఏళ్ల తరబడి తల ఎత్తలేదు. వానలు మొగం చాటేసిన ఆ యేటి వేసవిలో, మందు వేడికి చెడుతుందన్న భయంతో మా అమ్మ మాత్రల పొట్లాన్ని ఇంటికెల్లా చల్లని చోట, తమలపాకులు వాడిపోకుండా దాచుకొనే నీళ్లకుండ కింది తడి ఇసుకలో పెట్టసాగింది. అన్న ఒక్క పూటైనా మానక మింగేవాడు. అయినా అతని పెదవి ఒక పక్కకు అదరడం, చేతిలోని సంగటి ముద్ద జారిపోవడం నా కంట పడుతూనే ఉన్నాయి. ఎండిన బావిలో పూడిక తీయడానికి తానే దిగుతానన్నప్పుడు, డాక్టరుగారిని అడిగి వస్తానని అడ్డుపడ్డాను.

"ఏమప్పా, అంత భయం? రోజూ మింగుతానే ఉండా గదా! సరే, నువ్వు డాక్టర్ను అడిగొచ్చేదాకా దిగనులే, పో" అని నవ్వాడు.

డాక్టరుగారు నేను తీసుకుపోయిన మాత్రను ఒక గ్లాసులో, తమ వద్దనున్న కొత్తదానిని మరొక గ్లాసులో వేశారు. కొత్తది విచ్చి పిండి అయింది. మాది పలుగురాయి ముక్కలా అడుగున అట్లే పడి ఉంది.

"యాడ పెట్టినారప్పా దీన్ని? చెమ్మ పీల్చి రాయైపోయిండాది. కడుపులో గూడా ఇట్లే ఉంటాది. ముందు మీయన్నను బావి కాడికి పోనీయొద్దు!"

బస్సు దిగేసరికి బావి చుట్టూ జనం. అడుగున చెమ్మ తగిలిందని పూడిక తీస్తున్న కూలివాళ్లు కేకవేయగానే, సంతోషం పట్టలేక అన్న తాడు పట్టుకొని దిగాడట. సగంలో చేతులు కొంకర్లు పోయి పడిపోయాడట. పైకి తెచ్చేసరికే ప్రాణం లేదు. అమ్మ ఇంటికి పరుగెత్తి, ఆ తడి ఇసుకలోని మాత్రే తెచ్చి అతని నోట్లో పెట్టబోతోంది. నేను ఆ చేయి పట్టుకొని ఆపాను. కారణం మాత్రం ఆమె బ్రతికినన్నాళ్లూ చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి మాత్రా రేకు గూటిలో పొడిగా ఉంటున్నది, నీళ్లకుండ మూలపడింది, బావిలో తుమ్మ మొలిచింది. మనవరాలు గ్లాసు కడగబోతే కాసేపు ఉండనిమ్మన్నాను. ఈ వింతను అమ్మ చూచి ఉంటే మురిసిపోయేది కదా అనుకొని, మరుక్షణమే, చూస్తే ఆమెకు అంతా తెలిసిపోయేదని తోచి, గ్లాసులోని నీళ్లు నేనే పారబోశాను.