రంగులేని పూత

కాణిపాకం వినాయకుడి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. మా చిత్తూరు చుట్టుపక్కల ఆ స్వామి మీద ఒట్టు వేయాలంటే ఎంత మొండివాడికైనా నాలుక తడారిపోతుంది. నన్నెరిగినవాళ్ళు ఇది చదివితే నవ్వుతారు. "వీడా! వీడు పొద్దున పండ్లు తోముకున్న్యానన్నా సాక్షి కావాలబ్బా" అంటారు. అననీ. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చెప్పి నలుగురినీ నవ్వించడం నా జబ్బు. కానీ తొమ్మిదేళ్ళుగా ఒకటి గుండెల మీద కూర్చుని దిగడం లేదు. బరువంటే ఎలాంటి బరువు? అన్నం తింటూ ఉంటాను. వీధిలో ఎవరో కారు స్టార్టు చేస్తారు. ఆ ఇంజను అందుకునేదాకా నా చేతిలోని ముద్ద నోటికి పోదు. అలాంటి బరువు. నా పేరు చెప్పను. మీరు నన్ను చూడలేదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కార్లకు రంగులు వేస్తాను. వేలూరు రోడ్డు మీద నా షెడ్డు. దాన్ని ఆనుకునే రత్నం షెడ్డు. రత్నం మెకానిక్కు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు. ఇంజను పక్కన ఊరికే నిలబడి, చొక్కా చేతులు మడుచుకుంటూనే జబ్బేమిటో చెప్పేసేవాడు. అంత పనివాడు. పక్కింట్లో అంత పనివాడుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు.

ఒక డాక్టరు గారి కారు నా దగ్గరికి వచ్చింది. తలుపు అడుగున తుప్పు తినేసి అరచేయంత చిల్లు. కొత్త రేకు పెట్టి వెల్డింగు చేయాలి. నేను కాగితాలు కుక్కి, పైన లప్పం మెత్తి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, రంగు కొట్టేశాను. తప్పే. నేనొక్కణ్ణే చేశానా? సరే, అది వేరే మాట. ఆ కారును ఇంజను పని కోసం రత్నం షెడ్డుకు మార్చారు. మర్నాడు షెడ్ల ఎదుటి టీ అంగడి ముందు కారు నిలిపి, బస్సు డ్రైవర్లూ బెల్లం మండీ హమాలీలూ పదిహేను మంది దాకా ఉండగా, రత్నం ఆ తలుపు మీద వేలితో కొట్టి చూశాడు.

"ఏందన్నా, తలుపు ఇంత మెత్తగుండాది? లోపల ఇడ్లీ పిండి యేమన్నా పోసినావా?"

అంటూనే స్క్రూ డ్రైవరుతో పొడిచాడు. లప్పం పెళ్ళలుగా రాలింది. లోపల్నుంచి సినిమా పోస్టరు ముక్క బయటికొచ్చింది. దాని మీద ఒక ఆడమనిషి కన్ను. కాటుక పెట్టిన కన్ను.

"యో, రాండప్పా, సూడండి! డాక్టరు కార్లో హీరోయిను కాపరముండాది!"

"అది నేను పెట్టింది గాదు" అన్నాను.

"మరెవురు పెట్టినారు, పోస్టుమేనా? పో అన్నా, పోయి గోడలకు సున్నం కొట్టుకో. కార్ల జోలికి రావద్దు."

నవ్వారు. పదిహేను మందీ నవ్వారు. టీ అంగడి వాడు గ్లాసులు కడగడం ఆపి మరీ నవ్వాడు. ఆ కన్ను మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజే అనుకున్నాను. నీకూ ఒక పదిహేను మందిని పోగుచేస్తాను రత్నం, నీ ముందూ నవ్విస్తాను.

ఎనిమిది నెలలు కాచుకున్నాను. పగకు ఓపిక కావాలి. రంగుకూ అంతే. తడి ఆరకముందే ముట్టుకుంటే రెండూ చెడిపోతాయి.

బెల్లం మండీ చెంగల్రాయ శెట్టికి ఒక పాత ఇంగ్లీషు కారుండేది. తిరుమల ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు సగంలో నిలిచి పొగలు కక్కేది. ఆయనకు మనవడు పుట్టాడు. వాడి తలనీలాలకు కొండకు సొంత కార్లోనే పోవాలని శెట్టి పట్టు. రత్నం మద్రాసుకు పోయి, విడగొట్టిన ఒక విదేశీ కారు ఇంజను పట్టుకొచ్చాడు. దానికి కార్బరేటరు లేదు. పెట్రోలును సన్నని సూదుల్లాంటివి నేరుగా ఇంజనులోకి చిమ్ముతాయి. ఇంజక్షన్ అంటారట. ఊరికి ఆ మాట చాలు. "శెట్టి కారుకు సూది ఏసినారంట గదా, జరం తగ్గిందా?" అని అడిగేవాళ్ళు. సూది బండి అని పేరు పడిపోయింది.

కొత్త ఇంజను దించే ముందు లోపలి గది అంతా రంగు కొట్టాలి. ఆ పని నాకే వచ్చింది. రత్నమే ఇప్పించాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోవాలని చూసిన మాట ఇది.

సుద్దముక్కతో నాలుగు చోట్ల గుండ్రాలు గీశాడు. అక్కడ రంగు పడకూడదన్నాడు. అవి ఎర్తు తావులు. బ్యాటరీ నుంచి కరెంటు తీగలో వస్తుంది, తిరిగి పోవడానికి మాత్రం కారు ఒళ్ళే దారి. అక్కడ ఇనుముకు ఇనుము తగలాలి. నడుమ రంగు పొర అడ్డొస్తే దారి తెగిపోతుంది. నాలుగో గుండ్రంలో ఒక బోల్టు పొడుచుకుని ఉంది. కొత్త ఇంజనుకు ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించేది అదే. ఆ రవ్వ పుడితేనే సూదులు కూడా పెట్రోలు చిమ్ముతాయి. ఆ పెట్టె ఎర్తు తీగ ఈ బోల్టుకే బిగించాలి.

మూడు గుండ్రాల మీదా బుద్ధిగా కాగితం అతికించి రంగు కొట్టాను. నాలుగోదాని మీద కూడా రంగు పడనీయలేదు. రంగు పడితే కనిపిస్తుంది కదా. నా దగ్గర క్లియర్ ఉంది. నీళ్ళలా ఉంటుంది, మెరుపు కోసం రంగు మీద చివరి పూతగా కొడతాం. సన్న కుంచెతో ఆ బోల్టు మరలకూ, దాని చుట్టూ ఇనుముకూ మూడు పూతలు పూశాను. ఆరాక మెరుపు చావడానికి మెత్తగా రుద్దాను. చూస్తే ఒట్టి ఇనుమే. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, దాన్ని చూసి ముచ్చటపడ్డాను.

రత్నం వచ్చి చూసి "బలే చేసినావన్నా" అన్నాడు.

కొండకు పోవాల్సిన రోజు పొద్దున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. టెంకాయ కొట్టారు. శెట్టి కోడలు బిడ్డనెత్తుకుని వెనక సీట్లో కూర్చుంది. టెంకాయ కొట్టేదాకా ఇంజను తిప్పకూడదని శెట్టి పట్టుబట్టాడు, అందుకే రత్నం సెల్ఫ్ కొట్టడం అదే మొదటిసారి. ఇంజను గిరగిరా తిరిగింది. అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. ప్లగ్గు ఊడదీసి ఇంజనుకు ఆనించి తిప్పమన్నాడు. నిప్పు లేదు. ప్లగ్గులు మార్చాడు. తీగలు మార్చాడు. కాయిల్ మార్చాడు. టెస్టు లాంపు పెట్టి చూస్తే కాయిల్ దాకా కరెంటు చక్కగా వస్తోంది. లాంపు రెండో కొస కారు ఒంటికి కాక నేరుగా బ్యాటరీకే తగిలించాడు మరి, వెలగక ఏం చేస్తుంది? ఎర్తు చూడలేదా అంటారేమో. చూశాడు. కళ్ళతో చూశాడు. ఒట్టి ఇనుమే కనిపించింది.

నేను పదిహేను మంది అనుకున్నాను. నూరు మంది వచ్చారు. "సూది వికటించినట్టుండాది, పెద్దాసుపత్రికి తీస్కపోండి!" అని ఎవరో అరిచారు. అరిచింది నేనే. ఎవరో అని ఎందుకు రాశాను?

బిడ్డను దించుకుని శెట్టి కుటుంబం బస్సెక్కి కొండకు పోయింది. మరో మూడు రోజులు రత్నం ఆ బండిని వదల్లేదు. ఉండుండి ఎప్పుడో ఒకసారి ఒక్క రవ్వ టపుక్కున వచ్చేది. బిగించినప్పుడు మరల్లో ఎక్కడో పూత కాస్త గీసుకుపోయి ఉంటుంది. ఆ ఒక్క రవ్వే అతన్ని చంపింది. అసలు రాకపోతే మొదటి నుంచీ వెతుక్కునేవాడు. వచ్చి పోతుంటే లోపం పెట్టెలోనే అనుకున్నాడు. మద్రాసుకు పోయి ఇంకో పెట్టె తెచ్చాడు. దానితోనూ అంతే. గోడకు ఇవతల కూర్చుని నేను టీ తాగాను. ఆ మూడు రోజులు తాగిన టీ అంత తీపి టీ మళ్ళీ తాగలేదు.

తర్వాత జరిగింది నేను అనుకోలేదు. అనుకోలేదా? ఏమో. రత్నానికి తన చేతి మీద నమ్మకం పోయింది. బిగించిన నట్టునే మళ్ళీ విప్పి బిగించేవాడు. మామూలు కార్ల ముందు కూడా బెదురుగా నిలబడేవాడు. చేయి బెదిరిన వైద్యుడి దగ్గరికి ఎవరు పోతారు? ఆరు నెలల్లో షెడ్డు మూసేసి నాయుడుపేటకు పోయాడు. హైవే పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను.

శెట్టి ఆ కారును అమ్మేద్దామని, పైపైన మెరుగు పెట్టమని నా షెడ్డులోకి తోయించాడు. థిన్నరు ముంచిన గుడ్డతో ఆ బోల్టును తుడిచాను. తీగ మళ్ళీ బిగించాను. శెట్టిని పిలిచి సెల్ఫ్ కొట్టాను. ఒక్క తిప్పుకే అందుకుంది. శెట్టి బానెట్టు ఎత్తి లోపలికి తొంగి చూశాడు. ఎట్లా అని అడిగాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేనేం చెప్పాను? బానెట్టు మీద చెవి ఆనించి విన్నానని, ఇంజను నాతో మాట్లాడిందని చెప్పాను. నగరిలో, గూడూరులో, పెళ్ళి పందిళ్ళలో, రైల్లో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ ఈ కథ చెప్పాను. చెప్పినకొద్దీ పెరిగింది. చివరికి ఆ కథలోకి ఒక జర్మనీ దొర కూడా వచ్చి నా చెవి కొలతలు తీసుకుపోయాడు. బహుశా మీరూ విని నవ్వే ఉంటారు.

ఆ కథ నాయుడుపేటకూ పోయింది. ఒక కార్డు వచ్చింది. వంకర అక్షరాలు.

"అన్నా, బండి నీ చేతిలో నడిచిందంట. సంతోసం. లోపం యాడుండిందో ఒక్క మాట రాయన్నా. అది తెలిస్తే మళ్లీ పానా పట్టుకుంటా."

ఒక్క మాట. బోల్టు అని రాస్తే చాలు. రాయలేదు. ఎందుకు రాయలేదని నన్ను నేను అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పుకున్నాను. టీ అంగడి ముందు పదిహేను మంది నవ్వారు కదా. కాటుక కన్ను చూసింది కదా. చెల్లుకు చెల్లు.

ఇక్కడే ఆపేద్దామనుకున్నాను. ఒట్టేసి అబద్ధం రాశాను, అది కూడా చెప్పేస్తే తేలికవుతుంది. క్షమాపణ ఎవరు ఇస్తారని కాదు. ఈ నోట ఒక్కసారైనా నిజం పలికించాలని.

టీ అంగడి లేదు. పదిహేను మంది లేరు. స్క్రూ డ్రైవరు లేదు, పోస్టరు లేదు, కన్ను లేదు. అదంతా నేను కల్పించింది. ముందు నాకు నేనే చెప్పుకున్నాను, తొమ్మిదేళ్ళలో నమ్మేశాను కూడా. మిగిలిన పనులన్నీ నేను చేసినవే.

జరిగింది ఇది. మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు రత్నం వచ్చాడు. చేతిలో నూనె పీపా నుంచి కత్తిరించిన రేకు ముక్క ఉంది. "అన్నా, డాక్టరు కారు తలుపు కింద ఒక్కసారి సూస్కో. నేనెవురికీ సెప్పలేదు" అని, దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కారును ఇవతలికి తోయించి లప్పం రాల్చేశాను. ఆ రేకు చిల్లుకు సరిగ్గా సరిపోయింది. వెల్డింగు పెట్టాను, రుద్దాను, రంగు కొట్టాను. లోకంలో ఎవరికీ తెలియలేదు.

అతనికి తెలుసు. అదే నేను ఓర్చుకోలేకపోయాను.