ఆ దగ్గు నాది కాదు

దెయ్యం అనే మాట వింటే నాకు నవ్వొచ్చేది. మా పెనుకొండలో చీకటి పడ్డాక కోట వైపు పోవద్దని చెప్పేవాళ్లు. నేను పోయి వచ్చి, అన్నం తిని హాయిగా పడుకున్నదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దెయ్యం కథ అని అనను. జరిగింది జరిగినట్టు చెబుతున్నా, నమ్మడం మీ ఇష్టం.

కరోనా రోజుల్లో నేను డిగ్రీ చివరి ఏడాది. నాయనది పరుపులు కుట్టే పని. దూది దుమ్ముకి మా ఇంట్లో ఎవరో ఒకరు దగ్గడం మామూలే. కరోనా వచ్చాక ఆ మామూలు దగ్గే మా కొంప ముంచింది. ఎదురింటివాళ్లు మమ్మల్ని చూసి తలుపేసుకున్నారు. పరుపు కుట్టమని ఇచ్చినవాళ్లు దూదితో సహా వెనక్కి తీసుకుపోయారు. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకోవడం అందరం నేర్చుకున్నాం.

నాకైతే చదువు తలకెక్కడం మానేసింది. పుస్తకం తెరిస్తే గొంతు మీదే ధ్యాస. మింగితే నొప్పిగా ఉందా, ఒళ్లు వేడిగా ఉందా అని మాటిమాటికీ చూసుకునేదాన్ని. నిద్ర లేదు. నా స్నేహితులందరిదీ అదే పరిస్థితి, పైకి మాత్రం గ్రూపులో జోకులు పంపుకునేవాళ్లం.

మొదటిసారి ఆన్‌లైన్ క్లాసులో జరిగింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నా. ఎవరో దగ్గారు, పొడిగా, గుండె లోపలి నుంచి. సార్ పాఠం ఆపి, "రేష్మా, ఒంట్లో బాగలేదా?" అన్నారు. ఫోన్‌లో, శబ్దం ఎవరి దగ్గర్నుంచి వస్తే వాళ్ల పేరు చుట్టూ వెలిగే గీత, నా పేరు చుట్టూనే వెలుగుతోంది. నేను దగ్గలేదు. కోపంతో గదంతా వెతికాను, మంచం కింద కూడా చూశాను.

తర్వాత బస్సులో. సోమందేపల్లి దాటాక అదే దగ్గు నా పక్కనుంచి వచ్చింది. పక్క సీటు ఖాళీ. ముందున్నవాళ్లు తిరిగి నన్ను చూసి, లేచి దూరంగా పోయారు. టెస్టు చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. టెన్షన్‌లో అలా అనిపిస్తుందన్నాడు డాక్టరు. నాకు అనిపిస్తే సరే, బస్సులో వాళ్లకెందుకు వినిపించింది?

పరీక్షల సెంటరు హిందూపురంలో పడింది. ముందు పేపర్లు దగ్గు రాకుండా గడిచాయి, ఈసారి తప్పకుండా వస్తుందనిపించి చివరి పేపరుకి పోనని ఏడ్చాను. దగ్గు వినిపిస్తే హాల్లోంచి పంపేస్తారు, ఏడాది పోతుంది. ఇంట్లో ఆ గదిలో ఇంకో ఏడాది కూర్చోవడం నా వల్ల కాదు, పిచ్చెక్కుతుంది. నాయన సూది పక్కన పెట్టి, "పో పాపా. దగ్గొస్తే దగ్గుతాం. మనమేమన్నా దొంగతనం చేస్తాండామా?" అన్నాడు. ఆ మాటతో లేచి మొహం కడుక్కున్నాను.

హాల్లో బెంచికి ఒకరం. ఇన్విజిలేటరు నడివయసు మేడం, ధర్మవరం నుంచి డ్యూటీ మీద వచ్చింది. సగం పేపరు రాశాక అదే దగ్గు వినిపించింది. తలలన్నీ నా వైపు తిరిగాయి.

"లెయ్యి పాపా, పేపరిచ్చి బయట కూర్చో" అంది మేడం.

నాకు ఒళ్లు మండింది. మాస్కు కిందికి లాగాను. ఆ రోజుల్లో అది పెద్ద తప్పే. "దగ్గేది నేను కాదు మేడం. నా నోరు చూస్తా ఉండండి" అని పెదాలు బిగించాను.

ఆమె చూస్తూ నిలబడింది. దగ్గు మళ్లీ వచ్చింది. నా నోట్లోంచి కాదు, మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ జాగాలోంచి.

ఆమె చేతిలోని అడిషనల్ షీట్లు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకూ భయమేసింది, కానీ కోపం అంతకంటే ఎక్కువగా ఉంది. ఎవరైనా దగ్గుకోనీ, నా పేపరు నేను రాస్తాననుకుని మాస్కు పైకి లాక్కున్నాను.

అంతలో చీఫ్ సూపరింటెండెంటు గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఎవరు మేడం దగ్గుతాండేది? లేపి పంపించండి."

మేడం నా వైపు చూసింది. "నేనే సార్" అంది.

ఆయన ఠక్కున వెనక్కి జరిగాడు. టెస్టు చేయించుకునేదాకా ఇటు రావద్దన్నాడు. ఆమె షీట్లు టేబుల్ మీద పెట్టి, నా పక్కగా పోతూ "నువ్వు రాసుకో" అంది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు దూరమైంది. దాంతోపాటే ఆ దగ్గు కూడా దూరమవుతూ వినిపించింది. నేను అన్ని ప్రశ్నలూ రాశాను.

తర్వాత నాకెప్పుడూ అది వినపడలేదు. రిజల్టు వచ్చాక ధర్మవరం పోయి ఆమె ఇల్లు కనుక్కున్నాను. ఆరోగ్యంగానే ఉంది. టీ ఇచ్చింది. అడగలేక అడగలేక, అది మీ వెంట వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది. కొన్నాళ్లుండి పోయింది. నాకేం పరీక్షల్లేవు కదా పాపా, దగ్గుకోనీలే అని వదిలేసినా."

అదేమిటో ఆమెకీ తెలియదు, నాకూ ఇప్పటికీ తెలియదు. డిగ్రీ మాత్రం పాసయ్యాను.