వెనకాల వచ్చిన ఒంటి లైటు

ఇది కల్పన కాదు. పన్నెండేళ్లుగా వాడుతున్న నా గ్రంథాలయం కార్డు మీద ఒట్టు! నంద్యాలలో దెయ్యాల మాట ఎత్తితే ముందుగా నవ్వేది నేనే. కొరివి దెయ్యమంటే బురదలోంచి లేచే వాయువని పుస్తకంలో చదివి పదిమందికి చెప్పినవాణ్ణి. అయినా వినండి...

ఆళ్లగడ్డ ఓబులేసన్న ఒమాన్‌లో ఒక ఇంట్లో ఎనిమిదేళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ ఇంటి కొడుకు సలీం. ఇసుకతిన్నెల మీదికి బండ్లు ఎక్కించడం అతనికి పిచ్చి. ఆ పిచ్చినే ఓబులేసన్న ఊరికి తెచ్చాడు. పాత జీపులు బాగుచేసుకుని ఆదివారాలు గుట్టల్లో, వాగుల్లో తిరిగే జట్టు తయారైంది. పోయిన వానాకాలం సలీమే వాళ్లను చూడటానికి వచ్చాడు. ఇంక చూడాలి సంబరం! మాట కలపడానికి నన్ను పిలిపించారు. నిఘంటువు ముందేసుకుని నేర్చుకున్న నా ఇంగ్లీషు అక్కరకొచ్చింది!

రెండు జీపులు. ముందుదాంట్లో ఓబులేసన్న, సలీం, నేను. వెనకదాంట్లో జట్టులోని కుర్రాడు దస్తగిరి ఒక్కడే. బయలుదేరేముందు సలీం తమ ఎడారి కట్టుబాటు చెప్పాడు. వెనక బండికి ముందు బండివాడే పూచీ. వెనక లైటు కనబడకపోతే ఆగాలి. అది వచ్చేదాకా కదలకూడదు.

"అయితే ఎనక సీట్లో కూర్చోని లైటు చూసే పని నీదేప్పా. మళ్లా ఆడ పుస్తకం తీసేవు!" అన్నాడు ఓబులేసన్న.

నాకు అప్పజెప్పింది ఆ ఒక్క పనే.

అబ్బ, ఆ సాయంత్రం! నల్లరేగడి బురదలో జీపు పక్కకు జారుతుంటే సలీం పసిపిల్లాడిలా కేకలు పెట్టాడు. వాగులో నీళ్లు నెత్తిమీదికి ఎగిరాయి. మేం తిరుగుముఖం పట్టేసరికి ఏడు దాటింది. కొండల మీద మెరుపులు... మళ్లీ వాగు దాటాం. నేను వెనక్కి చూశాను. దస్తగిరి జీపుకు ఎడమ లైటు ఎప్పుడో పగిలింది. ఒకే లైటు, పసుపుపచ్చగా... వస్తోంది.

"వస్తాండాడా?"

"వస్తాండాడు."

మూడు కిలోమీటర్లు అదే మాట. తారురోడ్డెక్కి, ఓబులేసన్న జీపును బాటవైపు తిప్పి ఆపాడు. ఆ లైటు కూడా ఆగింది... పొలాల మధ్యలో. ఇంజను కట్టేశాం. కప్పల అరుపులు. అంతే. అటువైపు నుంచి ఇంజను చప్పుడు లేదు.

ఓబులేసన్న ఫోన్ మోగింది. స్పీకరు పెట్టాడు. దస్తగిరి!

"ఏందన్నా, గట్టు మీదనే నిలబడి చూస్తాండారు? దిగి రాకూడదా? నీళ్లు బానెట్టు కాడికొచ్చినాయి!"

"యాడుండావురా?"

"వాగులోనే! బండి ఆగిపోయి, లైటు గూడా పోయింది. టాపు మీదికెక్కి కూర్చున్యా. మీ లైటు కనపడతాంది కదా, రాండి!"

"మేము..." అని ఓబులేసన్న నోరు తెరిచాడు. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఒంటరిగా ఉన్నానని తెలిస్తే వాడు నీళ్లలోకి దూకుతాడు. వాడికి ఈత రాదు.

సంగతి సలీంకు చెప్పాను. అతను చెయ్యి చాచి మా జీపు లైట్లు ఆర్పాడు. వెలిగించాడు. ఆర్పాడు. వెలిగించాడు.

పొలాల్లో ఆ లైటు...

ఆరింది.

వెలిగింది.

ఆరింది... వెలిగింది.

ఫోన్లో దస్తగిరి గొంతు. "ఆఁ, రెండుసార్లు కొట్టినారు, చూసినాలే. బేగా రాండన్నా!"

"మా దగ్గరా ఇలాంటి వాగులున్నాయి. నిమిషంలో లారీని కూడా ఈడ్చుకుపోతాయి. ఆలోచించొద్దు, పోనివ్వండి," అన్నాడు సలీం.

రోడ్డు మీంచి పొలాల్లోకి దిగేది ఒకటే బాట. దాని మీదనే ఆ లైటు. ఓబులేసన్న గేరు వేసి దానిమీదికే పోనిచ్చాడు! మేం ముందుకు పోయినకొద్దీ అది వెనక్కి జరిగింది. అంతే దూరం... అంతే వెలుగు. బాట మూడుగా చీలిన చోట ఓబులేసన్న తడబడ్డాడు. మా చక్రాల గుర్తులు వానకు చెరిగిపోయాయి. లైటు నడిమి బాటలో ఉంది. దాని వెంటే పోయాం.

వాగు గట్టు మీద ఏమీ లేదు. చీకటి. నీళ్ల హోరు. సలీం నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మేమిద్దరం లాగాం. మనిషి దక్కాడు.

దస్తగిరి వణుకుతూ అన్నాడు, "మీరు లైటేసుకోని ఆడే ఉన్యారు గాబట్టి కూర్చున్యా. లేకుంటే దూకేటోణ్ణన్నా."

వాణ్ణి కాపాడింది ఆ లైటే. కానీ, వాణ్ణి వాగులో వదిలేసి వచ్చేలా చేసింది కూడా అదే కదా?

తర్వాత గ్రంథాలయంలో వెతకని పుస్తకం లేదు. వాయువు, ప్రతిబింబం, ఎండమావి... అన్నీ చదివాను. రెండుసార్లు కొడితే రెండుసార్లు బదులిచ్చే వాయువు గురించి ఎవరూ రాయలేదు.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాం. వెనక సీట్లో నేనే.

"వస్తాండాడా?" అడిగాడు ఓబులేసన్న.

ఒంటి లైటు కనబడుతోంది. అయినా, జీపు ఆపించి, దిగి, అంత దూరమూ నడిచి వెళ్లాను. దస్తగిరి బానెట్టు మీద చెయ్యి పెట్టాను.

వేడిగా ఉంది. అప్పుడు చెప్పాను... వస్తాండాడని.