సుగ్గికి పోయిన ఈరమ్మ, బడికి వచ్చిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... పెద్దకడుబూరు దగ్గర మా ఊరి బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. ఆటోలోంచి దించేసరికి ఊరు ఊరంతా బడి ముందరే! ఎవరో టెంకాయ కొట్టారు, ఎవరో దానికి బొట్టు పెట్టారు. పిల్లలందరికీ బెల్లం పంచారు.

అంతా బాగానే ఉంది గానీ... గదిలో వైరింగు లేదు. వైరింగు చేసేవాడు రేపొస్తా, మాపొస్తా అంటూనే ఉన్నాడు. మా సారు ఎన్నాళ్ళని చూస్తాడు? సుద్దముక్క తీసుకుని బండల మీద ఇంత పెద్ద కీబోర్డు గీసేశాడు. మేము చుట్టూ కూర్చుని వేళ్ళతో నొక్కేవాళ్ళం. "సారూ, 'ఏ' పక్కన 'బీ' ల్యాకుండా 'ఎస్' ఎందుకొచ్చింది?" అని ఒకటే గోల. సారుకూ తెలియదు పాపం! సాయంత్రానికి మా పావడలన్నీ సుద్దే.

మా అందరిలో ఈరమ్మ గట్టిది. నా పక్కనే కూర్చునేది. కళ్ళు మూసుకుని కూడా తన పేరు టకటకా నొక్కేసేది. సారు మురిసిపోయి, "కరెంటు ఇచ్చినరోజు మొట్టమొదట ఈరమ్మే దాంట్లో పేరు రాస్తాది" అని అందరి ముందూ చెప్పేశాడు. ఇక చూడాలి దాని సంబరం... అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేళ్ళు ఆడించేది.

దీపావళి పోయింది. మా వైపు పత్తి తీతలు అయిపోతే ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. ఈరమ్మ వాళ్ళూ దాని చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని లారీ ఎక్కాల్సిందే.

ఆ పొద్దు అది ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. "నాయనా, నేను రానప్పా... ఈడనే అవ్వకాడ ఉంటా..."

వాళ్ళ నాయన కోప్పడలేదు. తల నిమిరి, "మేము కాయలు కోస్తాంటే సిన్నోన్ని ఎవరు సూసుకుంటారమ్మా? ఉగాదికి వచ్చేస్తాం గదా. కంప్యూటరు యాడికి పోతాది?" అన్నాడు.

లారీ పోయిన వారానికే వైరింగు అయింది. మా ఖర్మ! ఈరమ్మ వచ్చినాకే పేర్లు రాద్దామని సారు కొన్నాళ్ళు ఆపాడు కూడా. పిల్లలం ఊరుకుంటామా... చివరికి అందరం రాశాం.

ఉగాదికి ఈరమ్మ వచ్చింది. కంప్యూటర్ ఎక్కడికీ పోలేదు, వాళ్ళ నాయన చెప్పినట్టే అక్కడే ఉంది. ఈరమ్మే బడికి రాలేదు. సారు ఇంటికి పోయి పిలిస్తే, "ఇంగ బడెందుకు సారూ, సిన్నోన్ని ఎత్తుకోనీకి అది ఉండాల" అంది వాళ్ళమ్మ. మరుసటేడు సుగ్గిలో ఈరమ్మ కూడా కాయలు కోసింది. అంతే... దాని చదువు అయిపోయింది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరు దగ్గర ఒక బడిలో చిన్నపిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాను. మొన్న ఆదోని బస్టాండులో ఈరమ్మ కనబడింది. నా ఉద్యోగం సంగతి విని చేతులు పట్టేసుకుంది. "సుగ్గికి పోయి వచ్చినోళ్ళకు మళ్ళా మొదట్నుంచి సెప్తావా మేడమ్?" అంది. నన్ను మేడమ్ అంటుందేమిటి ఇది! "సెప్తానే పిల్లా" అన్నాను.

నిజంగానే చెప్తాను... ఎన్నిసార్లు చెప్పమన్నా మొదటినుంచే చెప్తాను. వచ్చేవాళ్ళేరీ? ఉగాది దాటింది, నా తరగతిలో కొన్ని చోట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

మీ పక్కన కూర్చుని, ఒకరోజు లారీ ఎక్కి, మళ్ళీ బడికి రాని వాళ్ళు మీకూ ఉంటారు... వాళ్ళ పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి.