పొగ బాబాయి బండి

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన పొగ బాబాయే. అలాగని ఆయనకి సిగరెట్టు అలవాటుందనుకునేరు, టీ తప్ప ఆయన దేన్నీ ముట్టుకోడు. పేరు తెచ్చిపెట్టింది ఆయన స్కూటరు. టూ స్ట్రోక్ బండి. అలాంటివి తయారు చేయడం కంపెనీలే ఎప్పుడో మానుకున్నాయి. పొద్దున్నే ఆయన ఒక్క కిక్కు కొట్టాడంటే వీధి వీధంతా నీలం పొగ. ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లు గబగబా లోపలికి లాక్కుంటూ రోజూ అదే తిట్టు తిట్టేది. ఆయన రోజూ అదే నవ్వు నవ్వేవాడు.

మనుషులు కూర్చోవలసిన ముందుగదిలో ఆ బండి ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు వంటింట్లో కూర్చునేవాళ్ళు. నువ్వు మా అక్కని చేసుకున్నావా, ఆ బండిని చేసుకున్నావా, తేల్చి చెప్పు బావా అని బావమరిది వచ్చినప్పుడల్లా దెప్పేవాడు. ఆయన ఆ మాటకి కూడా నవ్వేసి, చేతిలోని గుడ్డముక్కతో హెడ్‌లైటు తుడుచుకునేవాడు.

ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. వెనక గదిలో చిన్న దీపం కింద కూర్చుని అద్దాలు అరగదీయడం. వారమంతా ఆ గాజుపొడిలో మెడ వంచి వంచి, సెలవురోజు వచ్చేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చేది. కాఫీ కూడా తాగకుండా బండి పక్క డొప్ప ఊడదీసి, ముందుగా ప్లగ్గు విప్పి వెలుతురుకి పట్టి చూసేవాడు. దాని కొస ఇటుక రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా జిడ్డోడుతుంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగా ఉంటే లోపల కాలిపోతున్నట్టు. ఆ తర్వాత కార్బురేటర్ విప్పి, పెట్రోలు పారే సన్నటి జెట్టు నోటితో ఊది, అన్నీ బిగించి, అక్కడే ఆ గదిలోనే స్టార్ట్ చేసేవాడు. కళ్ళు మూసుకుని, చెవి ఇంజన్ వైపు వంచి, స్క్రూని కొద్దికొద్దిగా ఇటూ అటూ తిప్పుతుంటే ఆయన మొహంలో లోకమంతా సద్దుమణిగిపోయేది. వాన పడుతుంటే కిటికీ మూసి మరీ చేసేవాడీ పని. పొగకి మసకబారిన గదిలోంచి ఆయన తుమ్ములు వినపడేవి.

ఆయన భార్య పక్కగదిలో కూరలు తరుగుతూనే, ఇంకొంచెం వదులు చేయండి, గొంతు బిగుసుకుపోతోంది పాపం అని కేకేసేది. ఎగతాళికే అన్నా ఆ మాట చాలాసార్లు నిజమయ్యేది. ఆయనతో కాపురం చేసి చేసి ఆవిడకీ ఆ చెవి వచ్చేసింది.

ఆవిడ బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో మైకులో చెప్పడం పని. ఎన్ని ఊళ్ళున్నా సరే, ఒక్క ఊపిరిలో చివరిదాకా చదివేసేది. ఆయన ఆవిణ్ణి రోజూ స్కూటరు మీద దింపి, వెంటనే వెళ్ళిపోయేవాడు కాదు. గేటు పక్కన ఇంజన్ ఆపి, మొదటి అనౌన్సుమెంటు విని, అప్పుడు షాపుకి పోయేవాడు. ఎందుకయ్యా అంటే చెప్పలేడు. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన అలవాటు, అలా మిగిలిపోయింది.

ఒకరోజు ఊళ్ళ వరస సగంలో ఆ గొంతు తెగింది. ఒక్క క్షణమే. మళ్ళీ అందుకుంది. మైకు పాడైందనుకున్నాడాయన. సాయంత్రం ఆవిడతో అదే అన్నాడు. ఆవిడ, అవునేమో, వైరు పాతదైపోయింది అంది. మర్నాడు కూడా తెగింది. ఆ తర్వాత ఆయన రోజూ విన్నాడు, రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంది, ఒక్కోసారి రెండు ఊళ్ళకే. వీధి చివరి నుంచి వచ్చే ఏ బండినైనా చెవితో విని రోగం చెప్పేసే మనిషికి, ఆ తెగేది వైరు కాదని ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఆవిణ్ణి ఒక గొట్టంలోకి ఊదమంది. ఆవిడ ఊదింది. ఇంకా గట్టిగా అంది డాక్టరమ్మ. అంతే ఉందండీ అంది ఆవిడ, తప్పు చేసిన పిల్లలా. డాక్టరమ్మ యంత్రం కేసి కాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?"

పొగ బాబాయి నోరు తెరిచాడు. చెప్పాలనే తెరిచాడు. ముందుగది సంగతి, మూసిన కిటికీ సంగతి, అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఈలోగా ఆవిడ నవ్వేసింది.

"లేదండీ. ఆయనకి టీ తప్ప ఇంకో అలవాటే లేదు."

ఆయన తెరిచిన నోరు మూసేశాడు. పోయిన ఊపిరి తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పననీ డాక్టరమ్మ చెబుతోంది. పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండాలట. పీల్చే మందు రాసిచ్చింది. ఇద్దరూ బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డారు. దాని మీద ఎక్కించుకుని తీసుకువెళ్ళాలి, వేరే దారి లేదు. బస్సు ఎక్కాలంటే ఆసుపత్రి సందంతా నడవాలి, ఆవిడ నడవలేదు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక కూర్చుంది. ఆయన కిక్కు కొట్టాడు. పొగ లేచింది.

బావమరిది విషయం విని, ఆ డబ్బా అమ్మేసి బ్యాటరీ బండి కొనమన్నాడు. సబబైన మాటే. ఆయన సరేనన్నాడు. సరేనని, ఆ పని చేయలేదు. మొండితనమే, ఇంకేం లేదు. మనసుకి నచ్చినదాన్ని వదులుకోలేక మనిషి ఎన్ని సాకులు వెతుక్కుంటాడో ఆయన అన్నీ వెతుక్కున్నాడు. బండిని ముందుగదిలోంచి మెట్ల కిందికి మార్చాడు, గది కడిగి సున్నం వేయించాడు, ఇక అంతా బాగైపోతుందనుకున్నాడు. ఆ తర్వాత బండి చేత పొగ మాన్పించే పనికి పూనుకున్నాడు.

అక్కడే వచ్చింది తంటా. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిలు పెట్రోల్లోనే కొలిచి కలపాలి. లోపల పిస్టన్ అరిగిపోకుండా కాపాడేది ఆ ఆయిలే. కాలి పొగై బయటికొచ్చేదీ ఆ ఆయిలే. పొగ మాన్పిస్తే బండి బతకదు. ఈ సంగతి ఊళ్ళో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆయిలు తక్కువ పోసి ఇంజన్ చంపుకుని వచ్చినవాళ్ళని గడపలోనే నిలబెట్టి దులిపేసేవాడు. అలాంటివాడు సైలెన్సరు విప్పి లోపలి మసి కాల్చి గీకాడు. సీళ్ళు మార్చాడు. జెట్టు మార్చాడు. పొగ కాస్త పలచబడిందే గాని పోలేదు. ఆవిడ వెనక కూర్చుని దగ్గితే ఆ దగ్గు ఆయన వీపుకి తగిలేది. చివరికి ఒకరోజు ఆయిలు కొలిచే గిన్నె నింపుతూ నింపుతూ, నిండకముందే చెయ్యి ఆపేశాడు.

ఆ వారం ఆవిడ దగ్గలేదు. ఈమధ్య పొగే లేదు, ఏం మంత్రం వేశారండీ అని అడిగింది. ఆయన పొంగిపోయాడు. పై వారం గిన్నెలో ఇంకాస్త తగ్గించాడు. ప్లగ్గు విప్పి చూస్తే కొస తెల్లబడుతోంది. చూసి, ఏమీ చూడనట్టే బిగించేశాడు.

ఆ పొద్దున వంతెన ఎక్కుతుంటే ఇంజన్ మునుపెన్నడూ లేనంత తేలిగ్గా, సన్నగా పలికింది. ఆయిలు చాలని టూ స్ట్రోక్ బిగిసి పట్టేసేముందు అలాగే పలుకుతుంది. అది వినగానే వేగం తగ్గించాలని ఆయనకి తెలుసు. కానీ వెనక ఆవిడ హాయిగా కూర్చుని ఉంది, దగ్గడం లేదు, ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతోంది. ఆ కాస్త దూరం అలాగే పోనిచ్చాడు.

ఇంజన్ ఒక్కసారిగా బిగిసింది. వెనక చక్రం కదలకుండా రోడ్డు మీద గీసుకుంటూ పోయింది. ఏళ్ళ అలవాటు కొద్దీ ఆయన వేళ్ళు క్లచ్ నొక్కేశాయి కాబట్టి పడలేదు. బండి వంకరగా వెళ్ళి గోడవారన ఆగింది. ఇంజన్ సంగతి ఆయనకి తెలుసు. చల్లారనివ్వాలి, కాస్త ఆయిలు పోయాలి, మెల్లగా కిక్కు తొక్కి చూడాలి. ఆవిణ్ణి ఏం చేయాలో తెలియలేదు.

ఆవిడ గోడ పట్టుకుని కూలబడింది. భయానికో, పక్కనే పోతున్న లారీల పొగకో, ఊపిరి అందడం లేదు. మందు పీల్చింది. మళ్ళీ పీల్చింది. పెదాలు నల్లబడుతున్నాయి. ఆయన ఆవిడ కొంగుతో విసిరాడు, వీపు నిమిరాడు, వచ్చేపోయే బండ్లకి చేతులు ఊపాడు. ఎవరూ ఆగలేదు. చివరికి ఒక బస్సు డ్రైవరు, రోజూ మైకులో తన బస్సు నంబరు చదివే మనిషిని గుర్తుపట్టి, వంతెన మీదే బస్సు ఆపేశాడు. అమ్మా, ఏమైందమ్మా అని అడిగితే ఆవిడ జవాబు చెప్పలేకపోయింది. ప్రయాణికులు ఆవిణ్ణి ఎత్తి లోపల పడుకోబెట్టారు. బండి వంతెన మీదే ఉండిపోయింది.

ఆవిడ బతికింది. మైకు ముందు మాత్రం ఇక కూర్చోలేదు. మంచం పక్కన గాలి అందించే యంత్రం ఒకటి వచ్చి చేరింది. దాన్నుంచి సన్నటి గొట్టం ఆవిడ ముక్కు దాకా. అది రాత్రింబవళ్ళు ఒకే తీరుగా మోగుతుంటుంది. ఆయన దాని పక్కన చాలాసేపు చెవి పెట్టి విన్నాడు. దానికి తిప్పుకోవడానికి స్క్రూ లేదు.

ఆయిలు సంగతి ఒకనాడు తనే చెప్పేశాడు. చెప్పి, తల వంచుకుని, ఆవిడ తిట్టే తిట్లకి ఎదురుచూశాడు.

"తెలుసు," అంది ఆవిడ. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ చప్పుడు... నాకు తెలీదా? మీరు అంత సంబరంగా ఉంటే... ఊరుకున్నాను."

"మరి డాక్టరమ్మతో అప్పుడు అలా ఎందుకన్నావు?"

"చెబితే... ఆ రోజే అమ్మేసేవారు. తర్వాత మీ మొహం... నేను చూడగలనా?"

ఆవిడ తిట్టి ఉంటే ఆయన ఎలాగో తట్టుకునేవాడు. లేచి పెరట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఏడుపు వినపడకుండా చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

చేతులు ఊరికే ఉండలేక, వంతెన మీంచి తోసుకొచ్చిన బండి ఇంజన్ విప్పాడు. బాగుచేయగలిగింది ఆ ఇంట్లో అదొక్కటే. గీతలు పడ్డ సిలిండరుని గుడ్డలో చుట్టుకుని లేతు మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్ళాడు. మేస్త్రి లోపల వేలు పెట్టి తడిమి, దీన్ని తొలిచి పెద్ద పిస్టన్ వేసే దశ ఎప్పుడో దాటిపోయిందన్నాడు.

"అయినా నువ్వేం దిగులుపడకు బాబాయ్. లోపల కొత్త స్లీవు, అదే ఇనుప తొడుగు, దించుతా. పాత ఊపిరి మొత్తం తిరిగొస్తుంది."

మేస్త్రికి ఇంటి సంగతులు తెలియవు. పొగ బాబాయి తల ఊపి, పక్కకి తిరిగి, గోడకి వేలాడే పానాలు చూస్తూ నిలబడ్డాడు. పని పూర్తయ్యాక మేస్త్రి ఇంకో మాట కూడా అన్నాడు. కొత్త పిస్టన్ కదా, కొన్నాళ్ళు ఆయిలు మామూలుకంటే ఎక్కువే పొయ్యి, పొగొస్తే రానీ అన్నాడు. ఆ సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా? అన్నీ తెలిసే తీసుకెళ్ళి, తెలిసే తెచ్చి, మెట్ల కింద బండికి బిగించాడు.

మెట్ల కింద నుంచి ఆవిడ కిటికీ దగ్గరే. పైగా ఆ గాలి యంత్రం ఉన్న ఇంట్లో పొగా నిప్పూ అసలు కూడదన్నారు. బండిని అమ్ముదామంటే, అలా అమ్మితే నేను మీతో మాట్లాడనని ఆవిడ తెగేసి చెప్పింది. తోసుకెళ్ళి ఎక్కడైనా దూరంగా స్టార్ట్ చేద్దామంటే షాపు రోజుల్లో తోడుండే ఎదురింటావిడ సెలవురోజు రాదు, భార్యని ఒంటరిగా వదిలి కదిలే వీలు లేదు. కాబట్టి సెలవురోజు పొద్దున్న ఆయన డొప్ప తీసి, తుడిచిందే తుడిచి, మళ్ళీ డొప్ప వేసేవాడు.

"బిగించడం... అయిపోయిందా?" అని లోపల్నుంచి అడిగింది ఆవిడ ఒకరోజు.

"అయింది."

"ఒక్కసారి స్టార్ట్ చేయండి. విని... ఎన్నాళ్ళయింది."

ఆయన కిటికీ కేసి చూశాడు. పెట్రోలు కుళాయి మూసే ఉంది. స్విచ్చు ఆపే ఉంది. రెండూ అలాగే ఉంచి, కిక్కు కొట్టాడు. ఇంజన్ లోపల ఉత్తి గాలి ఒకసారి కదిలి ఆగింది. ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి. చెమటలు పట్టేదాకా కొట్టాడు.

"అవట్లేదే," అన్నాడు గట్టిగా. "ఏమైందో ఏమో."

లోపల యంత్రం మోగుతోంది. స్విచ్చు ఆపి కొట్టిన కిక్కుకీ, నిజం కిక్కుకీ తేడా తెలియని మనిషి కాదు ఆవిడ.

"ప్లగ్గు చూడండి."

"చూస్తా," అన్నాడాయన.

కింద కూర్చుని ప్లగ్గు విప్పి వెలుతురుకి పట్టాడు. ఒక్కసారైనా మండని కొత్త ప్లగ్గు, దుకాణంలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని లుంగీ అంచుతో మెల్లగా తుడిచాడు, ఆవిడకి వినపడేలా రెండుసార్లు ఊదాడు, మళ్ళీ బిగించాడు.

"ఇంకోసారి కొట్టండి," అంది ఆవిడ.

ఆయన లేచి కొట్టాడు.