కాగితం మేడ

ఐటీ ఉద్యోగానికి సింగపూర్ వెళ్ళిన కొత్త. అది చైనీయుల పితృమాసం. సాయంత్రం అలసిపోయి టోవా పాయోలో నా అద్దె గదికి వస్తుంటే, పక్క ఫ్లాట్ చైనీస్ పాప పోయిన తాతగారికి చేరాలని కాగితపు చొక్కాలు కాలుస్తోంది.

"అంకుల్, మీ ఇంట్లో పోయినవాళ్ళకి మీరేం పంపిస్తారు?"

"నాన్నకి ఏడాదికోసారి అన్నం ముద్ద."

"అంతేనా? మరి ఆయన ఎక్కడుంటారు?"

మా మేడ పరాయివాళ్ళ పాలయ్యాక నాన్న అద్దె వాటాలో పోయారు. తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాను.

పాప ఒక కాగితం మేడ అందించింది. ఒకరిచ్చింది పుచ్చుకోవడం మా ఇంట లేదు. వద్దన్నాను.

"మీకు కాదు, ఆయనకి! గుమ్మం మీద పేరు రాయండి. లేకపోతే వేరే దెయ్యం దూరిపోతుంది."

ఇంటిపేరుతో సహా రాశాను. ఎన్నేళ్ళకో నాన్న పేరు ఒక గుమ్మం మీద కనబడింది.

పాప అగ్గిపుల్ల గీసింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను.