కుడిచెయ్యి కల

దయ్యాలనూ శకునాలనూ నేను ఎప్పుడూ నమ్మలేదు. చదివింది మెకానికల్ డిప్లొమా. చప్పుడొస్తే బేరింగ్ చూస్తాను, లైటు వణికితే వైరు చూస్తాను. ఇది కూడా అలాగే చూశాను.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. హిందూపురంలో ఇనుప రేకులు కోసే ప్రెస్ మిషన్లున్న చిన్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని నాది. రోజూ రైల్లో పోయి వస్తాను.

ఒక తెల్లవారుజామున కల వచ్చింది. ప్రెస్ మీద మణికట్టు దగ్గర తెగిన కుడిచెయ్యి. రక్తం రేకు మీదుగా కారుతోంది. వేళ్లు ఇంకా కదులుతున్నాయి. ఎవరి చెయ్యో తెలియలేదు.

అవ్వకు చెప్పాను. మగ్గం నేసే ఇంట్లో చెయ్యి తెగిన కలంటే వణుకే. "తోడబుట్టినోళ్లకి చేటు నాయనా. కొళాయి ఇప్పి ఆ నీళ్లకు చెప్పు, కొట్టుకుపోతాది" అంది. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. నవ్వి వదిలేశాను.

మడకశిర నుంచి వచ్చే వెల్డరుది ఇంకో మాట. "మా కన్నడమోళ్లలో రక్తం కనపడితే దుడ్లొస్తాయప్పా. బిర్యానీ ఎప్పుడు?"

మస్తానన్న పెనుకొండలో రైలెక్కుతాడు. ప్రెస్ ఆపరేటరు, నాకంటే చాలా పెద్దవాడు. ఆయనకూ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మా సాయిబుల్లోనూ కుడిచెయ్యంటే తోడబుట్టినోడే. కానీ చెడ్డ కల నోరు తెరిచి చెప్పగూడదబ్బా. ఎడం పక్కకు మూడుసార్లు ఉమ్మి, ఇంకో పక్కకు తిరిగి పండుకోవాల. చెప్తే దానికి దారి చూపించినట్లే."

"ఉమ్మితే పోయేదానికి ఇంత భయమెందుకన్నా?" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఆ వారమే ఒక ప్రెస్‌లో రేకు ముక్క ఇరుక్కుంది. మెయిన్ స్విచ్ ఆపాను. పైనుంచి దిగే దిమ్మె కింద ఇనుప అడ్డు పెట్టాలి. మా దగ్గర ఎవరూ పెట్టరు, స్విచ్ ఆపితే చాలనుకుంటాం. కుడిచెయ్యి లోపల పెట్టాను.

ఎవరో నా చెయ్యి లాగి భుజంతో గుద్దారు. వెనక్కి పడ్డాను. దిమ్మె దిగింది. ముందు ఎముకలు విరిగిన చప్పుడు, తర్వాత కేక. నా చెయ్యి ఉన్నచోట మస్తానన్న చెయ్యి ఉంది. దిమ్మె అంచు మణికట్టును తెగ్గోసింది. రక్తం నా మొహం మీద, నోట్లో. రేకు మీద వేళ్లు ఒక్కసారి ముడుచుకున్నాయి.

దిమ్మె ఎందుకు దిగిందో నాకు తెలుసు. దాన్ని పైన పట్టి ఉంచే బ్రేకు స్ప్రింగ్ విరిగింది. ముక్కలు నేనే తీశాను. అందులో వింత లేదు.

వింత ఫ్యాక్టరీ సీసీ కెమెరాలో ఉంది. మస్తానన్న దూరంగా, వేరే మిషన్ దగ్గర, నాకు వీపు పెట్టి పని చేస్తున్నాడు. ఉన్నట్టుండి రేకు కింద పడేసి, నా వైపు పరుగెత్తాడు. అప్పటికి దిమ్మె పైనే ఉంది. స్ప్రింగ్ విరగలేదు. ఆపి ఆపి ఎన్నిసార్లు చూసినా అంతే.

ఆసుపత్రి వరండాలో ఆయన భార్య చెప్పింది: "నెల దినాలుగా నీ చెయ్యి తెగినట్లు కల పడతాండాదని ఉలిక్కిపడి లేచేవాడు. ఆ పిల్లోడికి చెప్పుపో అంటే, చెప్తే జరిగిపోతాదనె."

ఇద్దరికీ ఒకే కల ఎందుకొచ్చిందో, ఆయన ముందే ఎలా కదిలాడో నా చదువుకు ఇప్పటికీ అందలేదు.

మొన్న పెనుకొండలో వాళ్లింటికి పోయాను. "రాప్పా, ఎడం చేత్తో టీ పెట్టేది నేర్చుకుంటాండా. తాగి బతికితే చెప్పు" అని నవ్వాడు.

"ఆ కల మళ్లీ రాలేదు కదన్నా?" అని అడిగాను.

నవ్వు ఆగిపోయింది. ఎడం చేత్తో నా కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని, నా రైలు టైము దాటిపోయేదాకా వదల్లేదు.